పైన ఉండాల్సిన నోటీసు

మా ఆఫీసులో పొద్దున్నే జరిగే మొదటి పని తేదీ మార్చడం. టీ రాకముందే, కిటికీలు తెరవకముందే, బాబాయ్ తన కంప్యూటర్ ఆన్ చేసి, కళ్లజోడు చొక్కా అంచుకు తుడుచుకుని, ఆఫీసు వెబ్‌సైటులో మా అధికారి పెద్దసారు పేరిట ఉన్న సందేశం తెరిచి, దాని నెత్తిన ఉన్న నిన్నటి తేదీ చెరిపి ఇవాళ్టి తేదీ వేసేవాడు. వేసి, తెర వంక ఒకసారి తృప్తిగా చూసుకుని "హమ్మయ్య, పైకొచ్చింది" అనేవాడు. ఆ మాట వినగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

బాబాయ్ నాకు చుట్టమేమీ కాదు. రిటైర్మెంటుకు దగ్గరపడిన గుమాస్తా, ఆఫీసంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది. మంచివాడు. ఎవరేం చెప్పినా కాదనడు, ఆయనతో వచ్చిన చిక్కంతా అదే. మాది రిజర్వాయరు గేట్ల ఆఫీసు. నదిలోకి నీళ్లు ఎప్పుడు వదులుతారో, ఎన్ని గేట్లు ఎత్తుతారో, ఒడ్డున ఉన్నవాళ్లు ఎప్పుడు జాగ్రత్తపడాలో చెప్పే నోటీసులు మా వెబ్‌సైటులో పెడతాం. ఆ సైటు బాగోగులు చూడటం నా ఉద్యోగం. చూడటం వరకే. దానిలో ఏ చిన్న ఏర్పాటు మార్చాలన్నా పెద్దసారు సంతకం కావాలి.

ఈ తేదీ గొడవ అర్థం కావాలంటే ముందు ఫీడ్ గురించి చెప్పాలి. వెబ్‌సైటు అనేది మనం వెళ్లి చూస్తేనే కనపడుతుంది. రోజుకు పదిసార్లు వెళ్లి కొత్తగా ఏం పెట్టారా అని చూసే ఓపిక ఎవరికుంటుంది? ఆ శ్రమ తప్పించడానికి ఉన్నదే ఫీడ్. ఫోనులో ఫీడ్ రీడర్ అనే చిన్న యాప్ పెట్టుకుని, దానికి మా సైటు అడ్రసు ఒక్కసారి ఇస్తే చాలు. మన బదులు అదే వెళ్లి చూసి వస్తూ ఉంటుంది, కొత్త నోటీసు కనపడితే గంట కొడుతుంది. మన పేరు అడగదు, నంబరు అడగదు, అక్కర్లేని ప్రకటనలు చూపించదు. ఇంటర్నెట్టులో ఇంత మర్యాద తెలిసింది ఇంకొకటి నాకు తెలియదు. మా సైటుకు ఫీడ్ పెట్టించింది నేనే, పాత సారు ఉన్నప్పుడు, వెంటపడి వెంటపడి సంతకం చేయించుకుని.

దాన్ని నేను మొట్టమొదట పెట్టింది మా బావ ఫోనులో. బావంటే అక్క మొగుడు. నది పక్కన పల్లంలో ఆయనకో నర్సరీ ఉంది. గులాబీలు, జామలు, కొత్తగా నిమ్మ అంట్లు. పల్లపు నేల మొక్కలకు మంచిదే, నీళ్లు వదిలినప్పుడు మాత్రం అందరికంటే ముందు మునిగేది అదే. డ్యామ్ దగ్గర మోగే సైరను అంత దూరం వినపడదు. అందుకని బావ పొద్దునొకసారి, సాయంత్రమొకసారి వంతెన దాకా నడిచివెళ్లి, స్తంభం మీద తెల్లరంగుతో వేసిన గీతల్లో నీళ్లు ఎక్కడికొచ్చాయో చూసి వచ్చేవాడు. పై గీత అందుకునేట్టు ఉంటే మొక్కల కవర్లన్నీ తట్టలకెత్తి గట్టు మీదికి చేర్చేవాళ్లు. ఆయన మోకాలు అప్పటికే మొరాయిస్తోంది. వంతెన నుంచి వచ్చిన ప్రతిసారీ గడప మీద కూలబడి, కాలు చాపి, ఇల్లంతా వినపడేట్టు మూలిగేవాడు.

"ఇక నడవక్కర్లేదు బావా" అన్నాను ఆ రోజు, ఆయన ఫోను చేతిలోకి తీసుకుని. "గేట్లు ఎత్తే ముందే మావాళ్లు నోటీసు పెడతారు. పెట్టగానే నీ జేబులో గంట మోగుతుంది. నీళ్లు ఇక్కడికి రావడానికి టైం పడుతుందిగా, నింపాదిగా సర్దుకోవచ్చు."

"మోగకపోతేనో?"

"మోగుతుంది. నాదీ పూచీ."

"నీ పూచీ అంటే సరేలే మరదలా. పెళ్లప్పుడు మీ అక్క నోరెత్తి మాట్లాడదని మీ ఇంట్లో అందరూ పూచీ పడ్డారు, అదీ నమ్మాను."

"వినపడుతోంది" అంది అక్క లోపల్నుంచి.

ఆ ఏడు వానాకాలమంతా గంట మోగడం, బావ నవ్వుకుంటూ తట్టలు తీయడం. ఒక్కసారి కూడా తప్పలేదు. ఆయన ఊరుకోక పడవాయనకు చెప్పాడు, గేదెల పాకలున్న పాలామెకు చెప్పాడు, ఇటుకల బట్టీ పెట్టుకున్న పక్కాయనకు చెప్పాడు. వాళ్లంతా తమ ఫోన్లు తెచ్చి అక్క వాళ్ల అరుగు మీద నా చుట్టూ కూర్చుని ఫీడ్ పెట్టించుకున్నారు. ఇంటికొచ్చేటప్పుడు బస్సులో నాలో నేనే నవ్వుకున్నాను. ఉద్యోగంలో చేరాక నేను చేసిన పని ఒకరికి ఉపయోగపడటం కళ్లారా చూసింది అప్పుడే.

ఆ తర్వాత పాత సారు బదిలీ అయ్యాడు, పెద్దసారు వచ్చాడు. వచ్చిన వారంలోనే ఆయన సందేశమొకటి సైటులో పెట్టాం. చేతులు కట్టుకుని నవ్వుతున్న ఫోటో, కింద నదీ తీర ప్రజల క్షేమమే తన ఊపిరి అని నాలుగు పేరాలు. తర్వాత కొత్త నోటీసులు పడేసరికి సందేశం కిందికి జరిగిపోయింది. పెద్దసారు బాబాయ్‌ని పిలిచి "అది ఎప్పుడూ పైనే ఉండాలి" అన్నాడు. మా సైటులో ఏది కొత్త తేదీతో ఉంటే అది పైన ఉంటుంది. బాబాయ్ ఆలోచించి, ఎవరినీ ఇబ్బంది పెట్టని ఉపాయం కనిపెట్టాడు. రోజూ పొద్దున్నే సందేశానికి ఆ రోజు తేదీ వెయ్యడం మొదలుపెట్టాడు.

మా సైటులో నోటీసు అడ్రసులోనే దాని తేదీ ఉంటుంది. తేదీ మారితే అడ్రసు మారుతుంది. అడ్రసు మారితే ఫీడుకు అది కొత్త నోటీసే. కాబట్టి ఫీడ్ తన ధర్మం తను పాటించి, రోజూ పొద్దున్నే ఒడ్డున ఉన్న ప్రతి ఫోనులోనూ గంట కొట్టి, పెద్దసారు నవ్వుమొహం చూపించసాగింది.

బావ మొదట్లో సరదాగానే తీసుకున్నాడు. "మరదలా, మీ పెద్దసారు నన్ను మర్చిపోలేకపోతున్నట్టుంది" అని ఫోన్ చేశాడు. ఆ తర్వాత వారం "ఏమిటిది, గంట వినగానే చేతిలో పని వదిలేసి పరిగెత్తుకొస్తున్నా, చూస్తే మళ్లీ ఈయనే" అన్నాడు. ఆ పైన ఇక ఫోన్ చెయ్యడం మానేశాడు. మానేశాడంటే అలవాటైందనుకున్నాను.

బాబాయ్‌కి చెప్పాను. "నువ్వు తేదీ మారిస్తే ఫీడ్ దాన్ని కొత్త నోటీసనుకుని అందరికీ పంపుతోంది బాబాయ్. అందరూ విసుక్కుంటున్నారు."

"మార్చకపోతే కిందికి పోతుంది కదమ్మా" అన్నాడు ఆయన, చిన్నపిల్లకు చెప్పినట్టు.

పెద్దసారుకి చెప్పాను. తేదీతో పని లేకుండా ఒక నోటీసును పైన కదలకుండా నిలిపే ఏర్పాటు సైటులోనే ఉందని, పిన్ అంటారని, దాన్ని తెరవడానికి ఆయన సంతకమొక్కటి చాలని చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు. అంతా విని "ఇంతకీ ఈ ఫీడ్ ఎంతమంది చూస్తున్నారమ్మా?" అని అడిగాడు. సైటుకు ఎంతమంది వచ్చారో చూపే మీటరు తీసి చూపించమన్నాడు. ఫీడ్ పేరు దానిలో ఎక్కడా లేదు. ఉండదు కూడా. సైటు తలుపు తీసుకుని లోపలికొచ్చినవాళ్లనే ఆ మీటరు లెక్కపెడుతుంది, ఫీడ్ పెట్టుకున్నవాళ్లకు అసలు లోపలికి రావాల్సిన పనే ఉండదు.

"ఎవరూ చూడనిదానికి ఇంత హైరానా ఎందుకు?" అన్నాడు పెద్దసారు.

"చూస్తున్నారు సార్. మా బావే చూస్తున్నాడు."

"మీ బావగారు సరే. ప్రజలు?"

నోటిమాట చాలదని కాగితం రాసిచ్చాను. దాని మీద ఆయన "పరిశీలించగలరు" అని రాసి బాబాయ్‌కి పంపాడు. బాబాయ్ దాన్ని పరిశీలించి నాకే ఇచ్చాడు. నెత్తీ నోరూ కొట్టుకున్నా ఆ గదుల్లో ఎవరికీ చీమ కుట్టినట్టైనా లేదు. పైగా నేను కారిడార్లో కనపడితే చాలు, "ఏమ్మా, ఫీడ్ బాగుందా?" అని పలకరింపులు.

వానలు మళ్లీ మొదలయ్యాయి. ఓ రోజు పొద్దున సైటు గురించే మీటింగు పెట్టారు. పెద్దసారు గదిలో మీటింగంటే ఫోన్లు లోపలికి తీసుకెళ్లకూడదు. తలుపు బయట స్టూలు మీద ప్లాస్టిక్ ట్రే ఉంటుంది, అందరం దానిలో పెట్టి వెళ్లాలి. లోపల ఏసీ చప్పుడు, మందపాటి తలుపు. ఎజెండాలో మూడో అంశం "సైటులో వినియోగంలో లేనివాటి తొలగింపు". దాని కింద మొదటిపేరే ఫీడ్. నేను చెప్పిందే మళ్లీ చెప్పాను. మీటరు సంగతి చెప్పాను, పిన్ సంగతి చెప్పాను, పల్లంలో ఉన్నవాళ్ల సంగతి చెప్పాను. పెద్దసారు తల ఊపుతూ అందరికీ బిస్కెట్లు జరిపాడు. చివరికి దాన్ని వచ్చే మీటింగుకు వాయిదా వేశారు. అప్పటికి మధ్యాహ్నమైంది.

బయటికొచ్చి ట్రేలోంచి ఫోన్ తీసుకుంటే తెర మీద రెండు వరుసలు కనపడ్డాయి. ఒకటి పొద్దుటి పెద్దసారు సందేశం. రెండోది గేట్ల కంట్రోలు రూము వాళ్లు మేం లోపలికి వెళ్లిన కాసేపటికే పెట్టిన నోటీసు. పైన కుండపోతగా కురవడంతో ఉన్న గేట్లన్నీ ఎత్తేస్తున్నామని, నదికి దగ్గరగా ఉన్నవాళ్లు వెంటనే ఎత్తుకు వెళ్లాలని. ఫీడ్ తన పని తను చేసింది. బావ పొద్దున్నే చూసుకుని సర్దేసి ఉంటాడనుకున్నాను. అయినా మనసాగక ఫోన్ చేశాను. ఎత్తలేదు. అక్కకు చేశాను.

"చిట్టీ!" అంది అక్క. వెనకాల నీళ్ల చప్పుడు. "లోపలికొచ్చేశాయే! ఆయన మోటారు పీకుతున్నాడు. మాకసలు తెలియనే తెలియదు. నువ్వు తర్వాత చెయ్యి, తర్వాత చెయ్యి."

సాయంత్రానికి నేను అక్కడికి చేరేసరికి పల్లమంతా ఎర్రటి నీళ్లు. నీడవల కట్టిన గుంజలు మాత్రం పైకి కనపడుతున్నాయి. మోటారు గట్టెక్కింది, గులాబీలు కొన్ని గట్టెక్కాయి. నిమ్మ అంట్లన్నీ పోయాయి. అంటు కట్టడం బావకు కొత్త. ఏడాది పొడుగునా ఒక్కొక్కటీ తన చేత్తో కట్టి, మొదట్లో చచ్చినవాటికి బాధపడి, బతికినవాటిని చూసి మురిసిపోయి, ఈ వానలకు మొదటిసారి అమ్మకానికి పెడదామని ఉంచుకున్నవి. ఆయన గట్టు మీద తట్ట బోర్లించి దాని మీద కూర్చుని ఉన్నాడు. అక్క తడిసిన కవర్లు ఏరుతోంది. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను.

"మోగలేదా బావా?"

"మోగేది తీసేశాను" అన్నాడు నా వంక చూడకుండా. "ఎప్పుడో తీసేశా. రోజూ పొద్దున్నే ఆయన మొహం చూడలేక గంట ఆపేసి పెట్టా. మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నప్పుడు ఓసారి తీసి చూసుకుంటే చాలులే అనుకున్నా. నీకు చెబుదామనుకున్నా, బాధపడతావని ఊరుకున్నా."

పడవాయనా తీసేశాడట. పాలామె అయితే యాప్‌నే తీసిపారేసిందట, గేదెల్ని మెడలోతు నీళ్లలో తోలుకొచ్చింది. బావ నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేదనిపించింది. దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది నాకు. ఎవరి మీద వెళ్లగక్కాలో తెలియని కోపం. రాని నోటీసు కాదది. వచ్చింది, సమయానికే వచ్చింది. దాన్ని వినే చెవిని మేమే రోజూ కొంచెం కొంచెం చెడగొట్టాం.

మర్నాడు ఆఫీసుకెళ్లి, అడగకుండానే పెద్దసారు గదిలోకి దూరి, ఒడ్డున ఎవరెవరికి ఏమేం పోయిందో నిలబడే చెప్పేశాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఆయన మొహం నిజంగానే వాడిపోయింది. అబద్ధమెందుకు, ఆయన చెడ్డవాడు కాదు. లేచి నిలబడి, "నా సందేశం తీసేయండి. ఈ క్షణమే తీసేయండి. మనుషుల ప్రాణాల కంటే అదెక్కువా?" అన్నాడు. బాబాయ్ పరుగున వెళ్లి తీసేశాడు. నేను ఆ గదిలోంచి బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఊపిరి పీల్చుకున్నాను. మధ్యాహ్నానికల్లా బావకు ఫోన్ చేశాను.

"ఇక ఆయన మొహం రాదు బావా. నా మాట విని గంట మళ్లీ పెట్టుకో. ఒక్క గేట్ల నోటీసులే వస్తాయి."

"నువ్వు చెబితే పెట్టకుండా ఉంటానా" అన్నాడు బావ. పక్కవాళ్లకూ చెప్పి పెట్టించాడు. పాలామె చేత యాప్ మళ్లీ ఎక్కించాడు.

ఆ సాయంత్రం నేను ఇంటికి బయల్దేరాక పెద్దసారు బాబాయ్‌ని పిలిచాడని నాకు తెలియదు. మనసు కలుక్కుమన్న మనిషి కదా, ఏదో ఒకటి చెయ్యాలనిపించి ఉంటుంది. "ఇకనుంచి గేట్ల నోటీసు ఎప్పుడూ పైనే ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం అది" అన్నాడట. బాబాయ్ సరే సార్ అన్నాడట.

తెల్లారి నేను బస్సులో ఉండగా నా ఫోన్ గంట మోగింది. తీసి చూస్తే గేట్లన్నీ ఎత్తేస్తున్నాం, నదికి దగ్గరగా ఉన్నవాళ్లు వెంటనే ఎత్తుకు వెళ్లాలి. ఆకాశం చూస్తే ఎండ కాస్తోంది. కంట్రోలు రూముకు చేశాను. గేట్లన్నీ దించే ఉన్నాయన్నారు. అప్పుడర్థమైంది. బాబాయ్ పొద్దున్నే వచ్చి, కళ్లజోడు తుడుచుకుని, మొన్నటి నోటీసుకు ఇవాళ్టి తేదీ వేశాడు. హమ్మయ్య అని కూడా అనుకునే ఉంటాడు.

బావకు ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. ఎత్తేసరికి రొప్పుతున్నాడు. అప్పటికే ఆయనా, అక్కా, పక్కాయనా కలిసి నీళ్లు తగ్గాక కిందికి దించుకున్న మిగిలిన మొక్కలన్నీ మళ్లీ గట్టు మీదికి మోసేశారు. పాలామె గేదెల్ని రోడ్డెక్కించింది.

"అది పాత నోటీసు బావా" అన్నాను. "తేదీ మార్చారంతే. గేట్లు దించే ఉన్నాయి."

రొప్పుతూనే బావ, నేను పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ వినని గొంతుతో అన్నాడు. "అప్పుడేమో రోజూ ఊరికే మోగుతోందని ఆపేశా, మునిగాను. ఇప్పుడేమో మునుగుతావని మోగింది, వట్టిదే. ఏది నిజమో మళ్లీ నువ్వు ఫోన్ చేసి చెప్పాల్సొస్తే ఇక ఇదెందుకు మరదలా?"

ఆఫీసుకొచ్చి బ్యాగు టేబుల్ మీద విసిరి కొట్టాను. బాబాయ్ ఉలిక్కిపడ్డాడు. ఏం చెప్పాను, ఎలా చెప్పాను గుర్తులేదు. ఆయన మాత్రం నెమ్మదిగా "నోటీసులో ఒక్క మాట కూడా మార్చలేదమ్మా, తేదీ ఒక్కటే" అన్నాడు. పెద్దసారు దగ్గరికెళ్లాను. ఆయనా అదే అన్నాడు, "జాగ్రత్తగా ఉండమని రోజూ గుర్తుచేస్తే తప్పేముందమ్మా?" అని. గోడలకు చెప్పినా ప్రతిధ్వని వస్తుంది. అప్పుడు నాకొకటి తట్టింది. ఈ భవనంలో నోటీసులు రాసేవాళ్లున్నారు, సంతకం పెట్టేవాళ్లున్నారు, తేదీ మార్చేవాళ్లున్నారు. దాన్ని అందుకునేవాళ్లు నేను తప్ప ఒక్కరూ లేరు.

"సార్, మీ ఫోన్ ఒకసారి ఇస్తారా?" అన్నాను, గొంతు తగ్గించి. "ఫీడ్ మీ ఫోనులో కూడా పెడతాను. మన నోటీసు ప్రజలకు ఎలా వెళ్తోందో మీరు స్వయంగా చూసుకోవచ్చు."

ఆయన సంతోషంగా ఇచ్చాడు. గంట చప్పుడు బాగా గట్టిగా ఉండేట్టు పెట్టి తిరిగిచ్చాను. పాత నోటీసు కింద ఇది పాతదని ఒక వరుస చేర్చనివ్వమని కూడా అడిగాను. దానికి ఫైలు పెట్టమన్నాడు. బావకూ, ఒడ్డున ఉన్నవాళ్లకూ ఒక్కొక్కరికే ఫోన్ చేసి, రేపు పొద్దున మోగితే నమ్మకండి, నిజమైతే నేనే చేస్తానని చెప్పుకున్నాను. అందరూ సరేనన్నారు. అంత సిగ్గు నాకు జన్మలో కలగలేదు.

మర్నాడు పొద్దున బాబాయ్ తేదీ మార్చే సమయానికి పెద్దసారు ఇంట్లో టీ తాగుతున్నాడట. జరిగింది తర్వాత డ్రైవరు చెప్పాడు. ఫోన్ గొల్లుమనగానే చూసి, కప్పు అక్కడే వదిలేసి, కంట్రోలు రూముకు చేసి "నాకు చెప్పకుండా గేట్లు ఎలా ఎత్తారు?" అని కేకలేశాడట. వాళ్లు ఎత్తలేదన్నారు. "ఎత్తినట్టు సైటులోనే ఉంటే లేదంటారేం?" అని ఇంకా గట్టిగా అరిచాడట. వాళ్లు ఒట్టేసినా నమ్మలేదు. ఇంట్లో వేసుకునే హవాయి చెప్పులతోనే కారెక్కి డ్యామ్ దగ్గరికెళ్లి, దించి ఉన్న గేట్లను ఒక చివరి నుంచి ఇంకో చివరి దాకా నడిచి చూసుకున్నాడట.

ఆ చెప్పులతోనే ఆఫీసుకొచ్చాడు. ప్యాంటు అంచులకు బురద. మమ్మల్నిద్దరినీ పిలిచాడు.

"ఈ నోటీసు ఎవరు పంపారు?"

"ఎవరూ పంపలేదు సార్" అన్నాడు బాబాయ్, చేతులు నలుపుకుంటూ. "తేదీ మార్చానంతే. మీరు చెప్పినట్టే."

పెద్దసారు ఫోన్ వంక చూశాడు, బాబాయ్ వంక చూశాడు, నా వంక చూశాడు. రెండు సంతకాలు ఆ పూటే చేసేశాడు, ఒకటి పిన్‌కి, ఇంకొకటి గేట్ల నోటీసులకు విడిగా మరో ఫీడ్ పెట్టడానికి. పెన్ను మూసి జేబులో పెట్టుకుంటూ, "ఇంత ముఖ్యమైన విషయం ముందే చెప్పొచ్చుగా అమ్మా?" అన్నాడు.

నేను ఆ కాగితాలు తీసుకుని బయటికొచ్చాను.

మధ్యాహ్నానికల్లా పనంతా అయిపోయింది. అంత చిన్న పని అది. పిన్ ఉంది కదా అని తిరిగి పెట్టించిన పెద్దసారు సందేశం పైన కదలకుండా కూర్చుంది, దాని తేదీ ఎప్పటిదో అప్పటిదే. గేట్ల ఫీడులో గేట్ల నోటీసులు తప్ప ఈగ కూడా దూరదు. బాబాయ్‌కి పొద్దున్నే చెయ్యడానికి పని లేకుండా పోయింది. రెండు మూడు రోజులు కంప్యూటర్ ముందు బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. ఆదివారం అక్క వాళ్లింటికెళ్లి బావ ఫోనులో కొత్త ఫీడ్ నేనే పెట్టాను. ఆయన కాదనలేదు. పెట్టినంతసేపూ నది వైపు చూస్తూ కూర్చున్నాడు. మళ్లీ నిమ్మ అంట్లు కట్టడం మొదలుపెట్టాడని అక్క చెప్పింది. పడవాయన పెట్టించుకోలేదు, పని ఉందని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకే, సాయంత్రం ఆఫీసు వదిలే ముందు, నా ఫోనులో గంట మోగింది. రెండు గేట్లు ఎత్తుతున్నామని కంట్రోలు రూము వాళ్లు పెట్టిన నోటీసు. అసలైనది, కొత్తది, ఒక్కటే. వెంటనే బావకు ఫోన్ చేశాను. ఈసారి రెండో రింగుకే ఎత్తాడు. గాలి హోరు.

"నోటీసు వచ్చింది బావా. నిజంది. చూశావా?"

"ఆ, చూశా. వాన నీళ్లకే పై గీతకు జానెడు కింద ఉన్నాయి. ఇంకాసేపట్లో అందుకుంటాయి. మీ అక్క అప్పుడే తట్టలు తీసింది."

"ఎక్కడున్నావు?"

"వంతెన మీద."

"మరి ఫోనుకు రాలేదా?"

"వచ్చే ఉంటుందిలే" అన్నాడు బావ మెత్తగా, నన్ను ఓదారుస్తున్నట్టు. "నువ్వు కష్టపడి పెట్టావు, ఉండనిచ్చా. గంట మాత్రం తీసేశా. ఏమీ అనుకోకు మరదలా. నా కళ్లతో చూసుకుంటే గానీ నిద్ర పట్టడం లేదు. ఉంటా మరి, మోసుకోవాలి."

ఆయన ఫోన్ పెట్టెయ్యడం మర్చిపోయినట్టున్నాడు. చొక్కా జేబులో పడేసిన చప్పుడు, ఆ తర్వాత అడుగుల చప్పుడు. ఒక అడుగు బరువుగా, ఇంకొకటి ఈడుస్తూ. వంతెన మెట్లు దిగుతూ మూలిగిన మూలుగు స్పష్టంగా వినపడింది.

ఇటు గదిలో బాబాయ్ కుర్చీలోంచి లేచాడు. తెర వంక వంగి చూస్తున్నాడు, మొహం వెలిగిపోతోంది.

"అమ్మాయ్, ఇటు చూడు" అన్నాడు. "నేనేం ముట్టుకోలేదు. సారు సందేశం కిందే, కొత్త నోటీసు దానంతటదే పైకొచ్చింది."

"చూశాను బాబాయ్" అన్నాను, ఫోన్ చెవి దగ్గర్నుంచి తీయకుండా.